కాల్చాలా, ఆగాలా: రణరంగంలో సైనికుడి నిర్ణయాలు, యుద్ధ చట్టాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

యుద్ధ చట్టాల మాట వచ్చిన ప్రతిచోటా దాదాపు ఇవే ప్రశ్నలు ఎదురవుతాయి. కొందరు కోపంతో అడుగుతారు, కొందరు నిజంగా తెలుసుకోవాలని అడుగుతారు. కొన్నింటికి ఒక్క మాటలో జవాబుంది. కొన్నింటి దగ్గర న్యాయమూర్తులే రెండుగా చీలిపోయారు. చట్టం తేల్చి చెప్పింది ఏదో, నా అభిప్రాయం ఏదో వీలైనంతవరకు విడదీసి రాశాను.

యుద్ధమంటేనే చంపుకోవడం. అందులో మళ్లీ చట్టమేమిటి?

యుద్ధానికి దిగడం న్యాయమా కాదా అన్నది ఒక ప్రశ్న. దిగాక ఎలా పోరాడాలన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి ప్రభుత్వాలు జవాబు చెప్పుకోవాలి. రెండోదానికి తుపాకీ పట్టిన ప్రతి మనిషీ జవాబుదారే. ఇక్కడ మాట్లాడుకునేది ఈ రెండోదాని గురించి. అందుకే దండెత్తి వచ్చినవాడికీ, సొంత ఊరు కాపాడుకుంటున్నవాడికీ నియమాలు ఒక్కటే. "మాది న్యాయమైన యుద్ధం, మాకు సడలింపు కావాలి" అంటే చట్టం ఒప్పుకోదు. ఆ మాట అనని పక్షం ఏ యుద్ధంలోనూ ఉండదు మరి.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఈ చట్టం సైనికుడికి ముందుగా ఒక రక్షణ ఇస్తుంది. శత్రు సైనికుణ్ణి పోరులో చంపినందుకు అతన్ని హంతకుడిగా విచారించడానికి వీల్లేదు. పట్టుబడితే యుద్ధ ఖైదీగా చూడాలి. హద్దులు దాటకుండా ఉన్నంతవరకే ఆ రక్షణ. 1868లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కొన్ని దేశాలు కూడి, ఒంట్లో దిగి పేలే చిన్న తూటాలను నిషేధిస్తూ ఒక ప్రకటన చేశాయి. శత్రువు సైనిక బలాన్ని తగ్గించడం ఒక్కటే యుద్ధంలో న్యాయమైన లక్ష్యమని అందులో రాసుకున్నాయి. ఇవాళ్టి నియమాల్లో చాలావాటిని ఆ ఒక్క మాట నుంచే రాబట్టవచ్చు. గాయపడి కింద పడ్డవాణ్ణి మళ్లీ పొడిస్తే శత్రువు బలం ఇంకేమీ తగ్గదు. బావిలో విషం కలిపితే చచ్చేది ఊరి జనం.

ఈ నియమాలు ఎక్కడ రాసి ఉన్నాయి?

ముఖ్యమైనవి 1949 నాటి నాలుగు జెనీవా ఒప్పందాలు. ప్రపంచంలోని దేశాలన్నీ వాటిలో చేరాయి. అంతకుముందు 1899, 1907 సంవత్సరాల్లో కుదిరిన హేగ్ ఒప్పందాలు ఉన్నాయి. 1977లో జెనీవా ఒప్పందాలకు అనుబంధ పత్రాలుగా రెండు అదనపు ప్రోటోకాల్స్ వచ్చాయి. మొదటి ప్రోటోకాల్‌లో 170కి పైగా దేశాలు చేరాయి. అమెరికా, భారత్, ఇజ్రాయెల్ చేరలేదు. అయితే పౌరులపై దాడి చేయకూడదన్నలాంటి మూల సూత్రాలు ఆచారంగా స్థిరపడిపోయాయి కాబట్టి సంతకం పెట్టని దేశాన్నీ అవి కట్టేస్తాయి. అంతర్యుద్ధాల్లో కూడా నాలుగు ఒప్పందాల్లోనూ ఒకేలా ఉండే మూడో అధికరణం వర్తిస్తుంది.

సైనికుడు ఇవన్నీ చదవడు. చదవాల్సిన పనీ లేదు. అతని చేతికి వచ్చేది ఒక చిన్న కార్డు, దానితోపాటు ఎప్పుడు కాల్పులు జరపవచ్చో చెప్పే సైన్యం సొంత ఆదేశాలు. 'రూల్స్ ఆఫ్ ఎంగేజ్‌మెంట్' అని పిలిచే ఆ ఆదేశాలు చట్టం కంటే కఠినంగా ఉండవచ్చు కానీ చట్టం కంటే వదులుగా ఉండకూడదు.

ఎవరిని కాల్చవచ్చు?

శత్రు సైన్యంలోని వాళ్లను. వంటవాడైనా, లారీ నడిపేవాడైనా సైన్యంలో సభ్యుడైతే లక్ష్యమే. వైద్య సిబ్బందీ, మత బోధకులూ దీనికి మినహాయింపు. పౌరుల్ని కాల్చకూడదు. పౌరుడు తానే పోరాటంలోకి దిగితే, దిగినంతసేపు ఆ రక్షణ పోతుంది. దారిలో మందుపాతర పాతుతున్నవాడు లక్ష్యం. నిన్న రాత్రి వాడికి అన్నం పెట్టిన ఇల్లాలు లక్ష్యం కాదు, ఆమె సానుభూతి ఎటువైపు ఉన్నా సరే.

మనిషి ఎవరో తేలకపోతే పౌరుడిగానే భావించాలని మొదటి ప్రోటోకాల్ చెబుతుంది. యుద్ధంలో సంపూర్ణ నిశ్చయం ఎవరికీ దొరకదు. చట్టం దాన్ని అడగడం లేదు. ఎదుటివాడి చేతులు ఏం చేస్తున్నాయో చూడమంటోంది. వయసును బట్టి, బట్టలను బట్టి, ఉన్న ఊరిని బట్టి "ఇక్కడి మగవాళ్లంతా శత్రువులే" అని తేల్చేయడం ఆ చూపును మానుకోవడమే. పెద్ద ఊచకోతలు చాలావరకు ఆ ఒక్క వాక్యంతోనే మొదలయ్యాయి.

నిద్రపోతున్నవాణ్ణి, వెన్నుచూపి పారిపోతున్నవాణ్ణి చంపడం తప్పు కాదా?

మన మనసుకు తప్పనే తోస్తుంది. అశ్వత్థామ రాత్రివేళ శిబిరంలో దూరి నిద్రలో ఉన్న ఉపపాండవులను చంపడాన్ని తరతరాలుగా ఘోరమనే చెప్పుకుంటున్నాం. కానీ నేటి చట్టం అక్కడ గీత గీయలేదు. శిబిరంలో నిద్రపోతున్న సైనికుడు లేచాక మళ్లీ పోరాడతాడు. వెనక్కి పరిగెత్తేవాడు ఇంకో గట్టు చాటుకు చేరి మళ్లీ తుపాకీ ఎక్కుపెడతాడు. ఇద్దరూ లక్ష్యాలే. గాయంతో, జబ్బుతో స్పృహ తప్పి పడి ఉన్నవాడు మాత్రం కాదు. పోరాడే స్థితిలో ఉన్నాడా లేడా అన్నదే తేడా, సమాన స్థితిలో ఉన్నాడా లేడా అన్నది కాదు. ద్వంద్వ యుద్ధంలో పాటించే మర్యాదను చట్టం సైనికుడి నుంచి కోరడం లేదు.

లొంగిపోయాడని ఎలా తెలుస్తుంది? చేతులెత్తి మోసం చేస్తే?

ఆయుధం పడేయాలి, చేతులెత్తాలి, లేదా తెల్ల గుడ్డ ఊపాలి. పద్ధతి ఏదైనా ఉద్దేశం స్పష్టంగా కనపడాలి. అలా కనపడ్డ క్షణం నుంచి అతన్ని కాల్చడం హత్య. "ఎవరినీ ప్రాణాలతో పట్టుకోవద్దు" అని ఆదేశించడమే నేరం, ఆ ఆదేశం ప్రకారం ఒక్కరూ చావకపోయినా సరే. కూలిపోతున్న విమానం నుంచి పారాచ్యూట్‌తో దూకిన పైలట్‌ను గాల్లో కాల్చకూడదు. నేల మీద దిగాక లొంగిపోయే అవకాశం ఇవ్వాలి. యుద్ధం చేయడానికే దూకుతున్న పారాచ్యూట్ దళానికి ఆ రక్షణ లేదు.

ఇక మోసం. శత్రువును బోల్తా కొట్టించడం తప్పు కాదు. 1944లో నార్మండీ దాడికి ముందు మిత్రరాజ్యాలు గాలి ఊదిన రబ్బరు ట్యాంకులు పెట్టి లేని సైన్యాన్ని ఉన్నట్టు చూపించాయి. అది యుక్తి. తెల్ల జెండా చూపి దగ్గరికి రానిచ్చి కాల్చడం, రెడ్ క్రాస్ గుర్తున్న బండిలో దాడికి రావడం ద్రోహం. మొదటిది శత్రువు తెలివితో ఆడుకుంటుంది. రెండోది చట్టం మీద శత్రువుకున్న నమ్మకాన్నే ఆయుధంగా వాడుకుంటుంది. ఒకసారి అలా మోసపోయిన దళం మర్నాడు నిజంగా చేతులెత్తినవాణ్ణి నమ్మదు. అంటే ఆ ద్రోహం చేసినవాడు తన తోటి సైనికుల ప్రాణాలనే పణంగా పెట్టాడన్నమాట.

మరి మోసం జరుగుతుందన్న భయంతో ముందే కాల్చేయవచ్చా? కూడదు. జాగ్రత్త పడవచ్చు. దూరంగా ఆపవచ్చు, చొక్కా ఎత్తి చూపించమనవచ్చు, మోకాళ్ల మీద నడిచి రమ్మనవచ్చు. అతని చేయి ఆయుధం వైపు కదిలితే అప్పుడు కాల్చవచ్చు.

పట్టుకున్నవాణ్ణి వెంట తీసుకెళ్లలేం, వదిలితే మన ప్రాణాలు పోతాయి. అప్పుడు?

ఇంతకంటే కష్టమైన ప్రశ్న ఇంకొకటి లేదనుకుంటాను. నలుగురున్న చిన్న గస్తీ దళం శత్రు ప్రాంతంలో నక్కి ఉంటుంది. గొర్రెల కాపరి ఒకడు వాళ్ల మీదికే వచ్చేస్తాడు. వదిలితే ఊళ్లోకి పోయి చెప్పేస్తాడేమో. కట్టి పడేస్తే ఆ కొండ మీద చలికి చస్తాడేమో.

2005 జూన్‌లో అఫ్ఘానిస్తాన్‌లోని కునార్ కొండల్లో అమెరికా నౌకాదళ ప్రత్యేక దళమైన 'సీల్స్'కు చెందిన నలుగురికి సరిగ్గా ఇదే ఎదురైంది. మేకల కాపరులను వదిలేశారు. కొంతసేపటికి తాలిబాన్ మనుషులు చుట్టుముట్టారు. నలుగురిలో ముగ్గురు చనిపోయారు. కాపాడటానికి వచ్చిన హెలికాప్టర్ కూలి మరో 16 మంది పోయారు. ఆ సంఘటన చెప్పి "చూశారా, చట్టం మన వాళ్లను చంపింది" అనేవాళ్లు చాలామంది. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. అయినా చట్టం ఇక్కడ మసకగా లేదు. నిరాయుధుడైన పౌరుణ్ణి అతను ఏదో చేస్తాడేమోనన్న భయంతో చంపడం హత్యే. లొంగిన శత్రు సైనికుడి విషయంలోనూ అంతే. వెనక్కి తరలించే వీలు లేని పరిస్థితిలో పట్టుబడితే అతన్ని విడుదల చేయాలనీ, అతని క్షేమం కోసం చేయగలిగిన జాగ్రత్తలన్నీ తీసుకోవాలనీ మొదటి ప్రోటోకాల్ 41వ అధికరణం చెబుతుంది.

అయితే చంపడానికీ, వెంటనే వదిలేయడానికీ మధ్య చాలా చోటుంది. కొన్ని గంటలు తమతో అట్టిపెట్టుకోవచ్చు. కట్టేసి, తర్వాత ఎవరైనా కనిపెట్టేలా వదలవచ్చు. పని మానుకుని అక్కడి నుంచి వెళ్లిపోవచ్చు. శత్రు ప్రాంతంలో గొర్రెల కాపరి ఎదురుపడటం వింతేమీ కాదు. ఎదురుపడితే ఏం చేయాలో బయలుదేరే ముందే అనుకుని ఉండాల్సిన విషయం. కొండ మీద, గుండె దడదడలాడుతుండగా నలుగురు కుర్రాళ్ల నెత్తిన ఆ ప్రశ్న పడిందంటే, వాళ్లను పంపినవాళ్లు తమ పని పూర్తి చేయలేదని నేనంటాను.

"మా ప్రాణరక్షణ కోసమే" అన్న వాదనను కోర్టు ఒకసారి నేరుగా విన్నది. 1944 మార్చిలో జర్మన్ జలాంతర్గామి యూ-852 గ్రీకు నౌక పెలియస్‌ను ముంచింది. శకలాలు తేలుతూ కనిపిస్తే శత్రు విమానాలు తమను పసిగడతాయని కమాండర్ హైంజ్ ఎక్ తెప్పల మీద మెషీన్ గన్లు పేల్పించాడు, గ్రెనేడ్లు విసిరించాడు. తెప్పలు పట్టుకుని బతికి ఉన్న నావికుల్లో చాలామంది చనిపోయారు. 1945లో హాంబర్గ్‌లో బ్రిటిష్ సైనిక కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ఎక్‌తోపాటు మరో ఇద్దరు ఆఫీసర్లకు మరణశిక్ష అమలైంది.

సెకనులో తీసుకున్న నిర్ణయాన్ని తీరిగ్గా కూర్చుని తప్పుపట్టడం అన్యాయం కాదా?

అన్యాయమే. అందుకే చట్టం అలా తీర్పు చెప్పమనదు. ఆ క్షణంలో ఆ మనిషికి తెలిసినదాన్ని బట్టి, తెలుసుకోగలిగినదాన్ని బట్టి చూడాలి. తర్వాత బయటపడ్డ సంగతులతో తూకం వేయకూడదు.

దీనికి పేరు పడ్డ కేసు జర్మన్ జనరల్ లోథార్ రెండులిచ్‌ది. 1944 చివర్లో సోవియట్ సైన్యం వెంటబడుతోందన్న భయంతో ఉత్తర నార్వేలోని ఫిన్‌మార్క్ ప్రాంతమంతా తగలబెట్టించి జనాన్ని ఖాళీ చేయించాడు. నిజానికి సోవియట్ సైన్యం అంత దూరం వెంట రాలేదు. 1948లో నురెంబర్గ్‌లో అమెరికన్ ట్రిబ్యునల్ ఆ ఒక్క అభియోగం నుంచి అతన్ని విడిచిపెట్టింది. అప్పుడున్న సమాచారంతో నిజాయితీగా అలా నమ్మి ఉండవచ్చని చెప్పింది. వేరే నేరాలకు మాత్రం శిక్ష పడింది. ఆ తీర్పు చదివినప్పుడు ఫిన్‌మార్క్‌లో ఇళ్లు బూడిదైన కుటుంబాలే నా కళ్ల ముందుకొస్తాయి. అయినా ఆ సూత్రం సరైనదే అనుకుంటాను.

అలాగని "నాకలా అనిపించింది" అంటే సరిపోదు. చూడగలిగి కూడా చూడకపోవడం వేరు. 1988 జూలై 3న అమెరికన్ యుద్ధనౌక విన్సెన్స్ ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని కూల్చి 290 మందిని చంపింది. వాళ్లలో 66 మంది పిల్లలు. విమానం పైకి లేస్తోందని నౌకలోని యంత్రాలే చూపిస్తున్నాయి. మనుషులు మాత్రం అది తమ మీదికి దిగుతోందని ఒకరికొకరు చెప్పుకున్నారు. యుద్ధవిమానం వస్తోందని ఒకసారి మనసులో పడ్డాక, కళ్ల ముందున్న అంకె కూడా ఆ నమ్మకానికి తగ్గట్టే కనిపించింది. భయంలో ఉన్న మెదడు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలంటే చూడాల్సిన సంఘటన ఇదే.

2015 అక్టోబర్ 3న అఫ్ఘానిస్తాన్‌లోని కుందుజ్‌లో వైద్యుల సంస్థ నడిపే ఆస్పత్రి మీద ఏసీ-130 అనే అమెరికన్ దాడి విమానం కాల్పులు జరిపింది. 42 మంది చనిపోయారు. విమాన సిబ్బంది పూర్తి వివరాలు అందకముందే బయలుదేరారు. సమాచార వ్యవస్థ పనిచేయలేదు. ఇచ్చిన స్థానం ఖాళీ పొలాన్ని చూపిస్తే, చెప్పిన పోలికలకు దగ్గరగా ఉన్న భవనాన్ని ఎంచుకున్నారు. అదే ఆస్పత్రి. కావాలని చేసింది కాదు కాబట్టి యుద్ధ నేరం కాదని సైనిక విచారణ తేల్చి, 16 మందిపై శాఖాపరమైన చర్యలు తీసుకుంది. స్వతంత్ర విచారణ కావాలని ఆ వైద్య సంస్థ పట్టుబట్టింది. నా దృష్టిలో సంస్థ అడిగినది న్యాయం. తప్పు చేసిన వ్యవస్థే తన తప్పును కొలవడం ఎవరికీ ఊరటనివ్వదు.

పై ఆఫీసర్ ఆదేశిస్తే చేసినవాడి తప్పేముంది?

ఆదేశం వల్ల శిక్ష తగ్గవచ్చు. తప్పు మాత్రం పోదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నాజీ నేతలను విచారించిన నురెంబర్గ్ కోర్టుతోనే ఈ నియమం పుట్టిందని చాలామంది అనుకుంటారు కానీ అంతకు ముందే ఉంది. 1918 జూన్‌లో జర్మన్ జలాంతర్గామి ఒకటి లాండోవరీ క్యాజిల్ అనే ఆస్పత్రి నౌకను ముంచి, పడవల్లో ఉన్నవాళ్ల మీద కాల్పులు జరిపింది. 1921లో లైప్‌జిగ్‌లో జర్మనీ సొంత న్యాయస్థానమే ఇద్దరు లెఫ్టినెంట్లను దోషులుగా తేల్చింది. పడవల్లో నిస్సహాయంగా ఉన్నవాళ్లను చంపడం చట్టవిరుద్ధమని ఎవరికైనా తెలిసే విషయమే కాబట్టి ఆదేశం సాకు కాదంది.

1956 అక్టోబర్ 29న ఇజ్రాయెల్‌లోని కఫ్ర్ కాసిమ్ గ్రామంలో కర్ఫ్యూ వేశారు. పొలాల్లో, పనుల్లో ఉన్నవాళ్లకు ఆ సంగతి తెలియదు. సాయంత్రం ఇళ్లకు తిరిగొస్తున్న అరబ్ గ్రామస్తులను సరిహద్దు పోలీసులు కాల్చి చంపారు. దాదాపు 50 మంది చనిపోయారు. 1958లో కోర్టు ఒక పోలిక చెప్పింది: కొన్ని ఆదేశాల మీద నల్లజెండా ఎగురుతూ ఉంటుంది, దాన్ని చూడటానికి చట్టం చదివి ఉండక్కర్లేదు. అప్పటినుంచి ప్రపంచమంతా సైనిక పాఠశాలల్లో ఈ మాట వినిపిస్తోంది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది వేరే సంగతి. అదే ఆదేశం చుట్టుపక్కల గ్రామాలకూ వెళ్లింది. అక్కడి ఆఫీసర్లు చాలావరకు కాల్పులకు ఒప్పుకోలేదు, జనాన్ని ఇళ్లకు పోనిచ్చారు. ఆదేశం ఒక్కటే, సాయంత్రం ఒక్కటే, మనుషులు వేరు. దోషులకు పడిన శిక్షలు తర్వాత బాగా తగ్గిపోయాయి, 1960 నాటికి అందరూ బయటికి వచ్చేశారు. ఆ ముగింపును సమర్థించే మాట నా దగ్గర లేదు.

అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు మూలమైన 1998 రోమ్ శాసనం 33వ అధికరణంలో సైనికుడికి చిన్న తలుపు తెరిచి ఉంది. ఆదేశం పాటించాల్సిన చట్టబద్ధ బాధ్యత ఉండాలి, అది చట్టవిరుద్ధమని అతనికి తెలియకూడదు, చూడగానే తెలిసేంత అక్రమం అయి ఉండకూడదు. మూడూ కుదిరితేనే రక్షణ. జాతి నిర్మూలన, మానవాళిపై నేరాల విషయంలో ఆ తలుపు పూర్తిగా మూసే ఉంటుంది.

కాల్చకపోతే నన్నే కాల్చేస్తామంటే?

1995 జూలైలో బోస్నియాలోని స్రెబ్రెనిత్సా ఊచకోత సమయంలో, పిలిత్సా దగ్గరి ఒక పొలంలో బస్సుల్లో తెచ్చిన బందీలను వరుసగా నిలబెట్టి కాల్చారు. కాల్చినవాళ్లలో ద్రాజెన్ ఎర్దెమోవిచ్ అనే యువకుడు ఉన్నాడు. కాల్చనన్నాడు. "వాళ్ల మీద జాలి ఉంటే వెళ్లి వాళ్ల పక్కన నిలబడు" అన్నారు. కాల్చాడు. అదే రోజు ఇంకో చోట ఇంకొంతమందిని చంపమంటే ఒప్పుకోలేదు. తర్వాత తనంతట తానే అంతా చెప్పేశాడు.

ఆ యుద్ధ నేరాల విచారణకు ఐక్యరాజ్యసమితి పెట్టిన యుగోస్లావియా ట్రిబ్యునల్‌లో 1997లో అయిదుగురు న్యాయమూర్తులు 3-2గా చీలారు. అమాయకులను చంపిన సైనికుడికి ప్రాణభయం పూర్తి రక్షణ కాదని మెజారిటీ తేల్చింది. తాను చనిపోయినా ఆ బందీలు బతకరన్నప్పుడు, ప్రాణం ఇవ్వలేదని ఒక మనిషిని నేరస్తుడనడం ఎలాగని న్యాయమూర్తి కాసెసే విభేదించారు. చివరికి 1998లో అయిదేళ్ల శిక్ష పడింది. ఈ కేసును నేను ఎన్నోసార్లు చదివాను. ఒక్కోసారి మెజారిటీ వైపు, ఒక్కోసారి కాసెసే వైపు మొగ్గాను. ఇప్పటికీ ఒకచోట నిలవలేదు.

కమాండర్ స్వయంగా కాల్చకపోతే బాధ్యత ఉండదా?

ఉంటుంది, ఎక్కువే ఉంటుంది. తన కింది వాళ్లు నేరం చేస్తున్నారని తెలిసీ, లేదా తెలుసుకోవాల్సి ఉండీ, ఆపకపోయినా తర్వాత శిక్షించకపోయినా కమాండర్ దోషే. 1945లో మనీలాలో జపాన్ సేనలు చేసిన ఘోరాలకు జనరల్ యమషితకు మరణశిక్ష పడింది, 1946 ఫిబ్రవరిలో ఉరి తీశారు. ఆయనకు ఆ ఘోరాలు తెలుసని రుజువు కాలేదని అమెరికా సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు గట్టిగా విభేదించారు. తెలిసి ఉండాలి లేదా తెలుసుకోవాల్సి ఉండాలి అన్న నేటి కొలత కొంతవరకు ఆ వివాదం నుంచే పుట్టింది.

ఒక్క శత్రువు కోసం ఎంతమంది పౌరులు చనిపోవచ్చు?

ఇంతమంది అని అంకె చట్టంలో లేదు. ఆ దాడితో నేరుగా, కచ్చితంగా వస్తుందనుకున్న సైనిక ప్రయోజనంతో పోలిస్తే పౌరులకు జరిగే నష్టం మితిమీరకూడదు. దీన్ని దామాషా సూత్రం అంటారు. కప్పు మీద ఒక్క స్నైపర్ ఉన్నాడని కుటుంబాలున్న భవనాన్ని కూల్చకూడదు. అంతకు ముందే ఇంకో మెట్టు ఉంది. దాడి చేసే వేళ మార్చవచ్చా, చిన్న బాంబు వాడవచ్చా, హెచ్చరించవచ్చా అన్నది చూసుకోవాలి. నష్టం తగ్గించే వీలుండీ తగ్గించకపోతే, లెక్క సరిపోయినా తప్పు తప్పే.

శత్రువు పౌరుల మధ్య, ఆస్పత్రిలో దాక్కుంటే?

మనుషుల్ని అడ్డుపెట్టుకోవడం అతని నేరం. కానీ ఆ నేరం వల్ల అడ్డుగా నిలబెట్టిన మనుషుల రక్షణ పోదు, దామాషా లెక్కలో వాళ్లూ ఉంటారు. ఆస్పత్రి నుంచి కాల్పులు జరిగితే అది రక్షణ కోల్పోవచ్చు. అప్పుడు కూడా ముందు హెచ్చరించాలి, సహేతుకమైన గడువు ఇవ్వాలి, ఆ తర్వాతే దాడి. లోపల గాయపడ్డ శత్రు సైనికులు ఉన్నారనో, వైద్యుడి నడుముకు ఆత్మరక్షణ కోసం పిస్తోలు ఉందనో రక్షణ తీసేయలేం.

వాళ్లు పాటించనప్పుడు మేమెందుకు పాటించాలి?

ఇది రెండు ప్రభుత్వాల మధ్య ఇచ్చిపుచ్చుకునే బేరమే అయితే ఈ వాదన నిలబడేది. కానీ జెనీవా ఒప్పందాలు కాపాడేది ఎదుటి ప్రభుత్వాన్ని కాదు. గాయపడ్డవాణ్ణి, ఖైదీని, పౌరుణ్ణి కాపాడతాయి. వాళ్ల కమాండర్ చేసిన నేరానికి వాళ్లను శిక్షించలేం. ఖైదీల మీద ప్రతీకార చర్యలను 1949 ఒప్పందం పూర్తిగా నిషేధించింది. సైనికులు తమలో తాము చెప్పుకునే కారణం ఇంకొకటుంది: లొంగినా చంపేస్తారని తెలిసినవాడు చివరి తూటా దాకా పోరాడతాడు.

స్నేహితుడు పక్కనే చచ్చిపోయాక ఆ కోపంలో చేసినదానికి మినహాయింపు లేదా?

లేదు. శిక్ష విధించేటప్పుడు పరిగణించవచ్చు, అంతే. ప్రమాదం ఎప్పుడు పొంచి ఉంటుందో అనుభవజ్ఞులైన సార్జెంట్లకు తెలుసు. దాడి జరుగుతున్నప్పుడు కంటే, అది ముగిసి శవాన్ని మోసుకొచ్చిన తర్వాతి గంటల్లోనే. అప్పుడు దళాన్ని ఊళ్లోకి పంపకపోవడం, ఖైదీలను వేరే దళానికి అప్పగించడం మంచి నాయకుడి పని. అలా చేయని నాయకుడు తన కుర్రాళ్లకు ద్రోహం చేసినట్టే. ఆ గంటలో చేసిన పని వాళ్లను జీవితాంతం వదలదు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లకు చికిత్స చేసిన వైద్యులు, భయం వల్ల కలిగే గాయం ఒకటైతే, చేయకూడనిది చేశామన్న గాయం ఇంకొకటని గుర్తించారు.

ఎదురుగా తుపాకీ పట్టుకుని నిలబడ్డది పన్నెండేళ్ల పిల్లవాడైతే?

ఆ పిల్లవాడు కాల్పులు జరుపుతుంటే తిరిగి కాల్చవచ్చు. తూటాకు వయసు తెలియదు. వేరే దారి ఉంటే దాన్ని ఎంచుకోవాలని మంచి సైన్యాలు ముందే నేర్పుతాయి. పట్టుబడ్డాక అతను ముందు పిల్లవాడు, తర్వాతే సైనికుడు. పదిహేనేళ్ల లోపు పిల్లల్ని యుద్ధంలోకి దించడం యుద్ధ నేరం. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2012లో ఇచ్చిన మొట్టమొదటి తీర్పు దీని మీదే. కాంగోకు చెందిన థామస్ లుబాంగాకు 14 ఏళ్ల శిక్ష పడింది.

పొరపాటు జరిగిపోయిందని తెలిశాక ఏం చేయాలి?

కాల్పులు ఆపాలి. గాయపడ్డవాళ్లు ఎవరైనా సరే చికిత్స చేయాలి. ఎవరికి ముందు చేయాలన్నది గాయం తీవ్రతను బట్టే ఉండాలి, వేసుకున్న యూనిఫారం బట్టి కాదు. రేడియోలో ఉన్నదున్నట్టు చెప్పాలి. శవం పక్కన తుపాకీ పెట్టడం, నివేదిక దిద్దడం చేస్తే, అప్పటిదాకా పొరపాటుగా ఉన్నది నేరంగా మారిపోతుంది.

కళ్ల ముందు నేరం జరుగుతుంటే ఆపిన సైనికుడు ఎవరైనా ఉన్నారా?

ఉన్నారు. 1968 మార్చి 16న వియత్నాంలోని మై లైలో అమెరికన్ సైనికులు వందలమంది గ్రామస్తులను చంపారు. స్మారకంలో ఉన్న పేర్లు 504. ఆ సైనిక దళంలోనే కాల్చనని నిలబడ్డ సైనికులు కొందరున్నారు. పైన చిన్న హెలికాప్టర్‌లో ముగ్గురు: పైలట్ హ్యూ థాంప్సన్, లారెన్స్ కోల్‌బర్న్, గ్లెన్ ఆండ్రియోటా. కింద ఏం జరుగుతోందో అర్థమవడానికి వాళ్లకు కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక థాంప్సన్ తన దేశపు సైనికులకూ, బంకర్‌లో దాక్కున్న గ్రామస్తులకూ మధ్య హెలికాప్టర్ దించాడు. ఆ సైనికులు గ్రామస్తుల మీద కాలిస్తే మీరు ఆ సైనికులను కాల్చండని తన ఇద్దరు సహచరులకూ చెప్పి, తాను దిగి బంకర్ వైపు నడిచాడు. ఆ గ్రామస్తులను వేరే హెలికాప్టర్లలో ఎక్కించి పంపాడు. ఆండ్రియోటా శవాల గుంటలోకి దిగి, ప్రాణంతో ఉన్న ఒక పిల్లవాణ్ణి పైకి తీశాడు. శిబిరానికి చేరగానే థాంప్సన్ పై అధికారులకు గట్టిగా చెప్పాడు. కాల్పులు ఆపమని ఆదేశం వెళ్లింది.

కోర్టు మార్షల్‌లో శిక్ష పడింది ఒక్క లెఫ్టినెంట్ కేలీకే. 1971లో యావజ్జీవం వేశారు కానీ కొన్నేళ్ల గృహనిర్బంధంతో ముగిసిపోయింది. థాంప్సన్‌ను చాలా ఏళ్లు ద్రోహి అన్నారు, బెదిరింపులు వచ్చాయి. ముప్పై ఏళ్ల తర్వాత, 1998 మార్చిలో ముగ్గురికీ సోల్జర్స్ మెడల్ ఇచ్చారు. అందుకోవడానికి ఇద్దరే ఉన్నారు. మై లై జరిగిన మూడు వారాలకే ఆండ్రియోటా ఆ యుద్ధంలోనే చనిపోయాడు.